మాస్టారి బోణీ

పోయినవారం మునీరాను మనం ఏలూరులో, సంస్థ ఆఫీసు వెనకగదిలో, ఒక ఇనప పెట్టె ముందు కూర్చోబెట్టి వచ్చేశాం. పాపం, ఆమె ఇంకా అక్కడే ఉంది. కొత్తగా కథలోకి వచ్చినవాళ్ళకు నాలుగు ముక్కలు చెప్పి ఆమెను లేపుదాం.

వానాకాలంలో కొల్లేరు పొంగి లంకల దారులు మునిగిపోతాయి. అప్పుడు ఊరికి పడవే దిక్కు. ఆ పడవను పిలవడానికని సంస్థవాళ్ళు లంకలకు తెర ఉన్న పెట్టెలు తయారుచేయించారు. తెర మీద బొమ్మ నొక్కితే వైర్‌లెస్ మీద ఒడ్డుకు కబురు పోతుంది. అక్షరం రానివాళ్ళూ వాడాలి కాబట్టి అన్నీ బొమ్మలే. ఆ బొమ్మల్ని ఎలా పేరిస్తే జనం తప్పు నొక్కకుండా ఉంటారో పరీక్ష పెట్టి తేల్చే పని, వట్లూరు కాలేజీలో స్టాటిస్టిక్స్ చెప్పే మునీరాకు అప్పగించారు. ఆమె తేల్చింది. ఆమె తేల్చిన తెరనే దొండపాటిలంకలో పెట్టారు. పెట్టిన తొమ్మిదో రోజు పట్టపగలు, మగవాళ్ళంతా చెరువుల పనికి పోయిన వేళ, ఆ పెట్టె తాళంచెవి చూసుకునే మాణిక్యం, పురిటినొప్పులు పడుతున్న కూతురు సాయిదుర్గ కోసం రోగుల పడవను పిలుస్తున్నాననుకుని పక్కనున్న చేపల పడవ బొమ్మ నొక్కింది. ఏది నొక్కినా వెలిగే పచ్చలైటు వెలిగింది. మూడు గంటల తర్వాత ఐసు పెట్టెలతో చేపల పడవ వచ్చింది. ఆ పెట్టెల మధ్యనే సాయిదుర్గను పడుకోబెట్టారు. దారిలో ఆడపిల్ల పుట్టింది, బతికింది. తల్లి ఒడ్డు చేరలేదు.

"నొక్కినామెదే తప్పు" అని సంస్థ రాసుకుంది. రేపు పొద్దున్న పదింటికి మీటింగు పెట్టి ఆ మాట ఖాయం చేస్తారు. ఖాయం కాగానే, తాడేపల్లిగూడెం షెడ్డులో సిద్ధంగా ఉన్న ముప్పైరెండు పెట్టెలు లారీ ఎక్కి మరో ముప్పైరెండు లంకలకు పోతాయి. అందులోనూ అదే తెర.

మునీరాకు నిద్రపట్టక, పరీక్షకు వాడిన పాత పెట్టెను తెరిపించి, అది తన గడియారంతో రాసుకున్న టైములన్నీ ప్రింటు తీసుకుంది. ఆమె దగ్గర ఇరవైనాలుగు కాగితాలున్నాయి, పరీక్షకు కూర్చున్న మనిషికొకటి. పెట్టె జ్ఞాపకంలో మాత్రం ఇరవై అయిదు పరీక్షలున్నాయి. అక్కడే ఆపాం.

ఇరవై అయిదోది ఎవరిది?

అది తెలియాలంటే పరీక్ష సంగతి కాస్త చెప్పుకోవాలి. విసుక్కోకండి, సాయిదుర్గ చావంతా దాని మీదే నిలబడి ఉంది. తెరలు రెండు. ఒకటి మెట్ల తెర. 'మనిషికా, సరుకుకా' అన్నట్టు రెండే బొమ్మలు చూపించి, ఒకటి నొక్కాక ఇంకో రెండు చూపిస్తుంది. కాస్త నిదానం. రెండోది తొమ్మిది బొమ్మల తెర. అన్నీ ఒకేసారి కళ్ళముందు ఉంటాయి, ఒక్క నొక్కుతో పని అయిపోతుంది. ఏది మేలు? సగం ఊళ్ళకు ఇదీ, సగం ఊళ్ళకు అదీ ఇచ్చి చూద్దామంటే ఊళ్ళు ఒక్కలాంటివి కావు, మనుషులు అసలే కారు. ఆ తేడాలన్నీ సర్దుకోవడానికి వందల మంది కావాలి. సంస్థ ఇచ్చింది ఒక పెట్టె, ఒక పడవ, నాలుగు రోజులు. అందుకని మునీరా ఉపాయం చేసింది. ప్రతి మనిషీ రెండు తెరలూ నొక్కాలి. ఎవరికి వాళ్ళే పోలిక. అప్పుడు ఇరవైనలుగురు చాలు.

కాకపోతే ఒక్క షరతు. మొదటి తెర మీద అలవాటైన చెయ్యి రెండో తెర మీద తడబడదు. అంచేత పన్నెండుమంది మెట్ల తెరతో, పన్నెండుమంది తొమ్మిది బొమ్మలతో మొదలుపెట్టాలి. ఎవరు దేనితో అన్నది మనిషి నిర్ణయించకూడదు. మనిషికి జాలి ఉంటుంది, మొహమాటం ఉంటుంది, కులం గోత్రం ఉంటాయి. చీటీకి అవేమీ ఉండవు. ఆ చీటీలు మునీరా తన చేత్తో మడిచి, పంచదార డబ్బాలో వేసి పంపింది.

పంపింది అన్నాను చూశారా. వెళ్ళలేదు. ఆ నాలుగు రోజులూ ఆమె తండ్రి ఖాదర్‌కు కంటి ఆపరేషను. ముప్పై ఏళ్ళు తివాచీలు నేసి చూపు పోగొట్టుకున్న మనిషి, పక్కన కూతురు ఉండాలన్నాడు. దొండపాటిలంక వెళ్ళి పరీక్ష జరిపింది ఆమెకు చిన్నప్పుడు లెక్కలు చెప్పిన జగ్గారావు మాస్టారు. రిపోర్టులో మాత్రం 'నా సమక్షంలో జరిగినది' అని మునీరా సంతకం చేసింది. మాస్టారు చేస్తే తాను చేసినట్టే అనుకుంది. ఆ రిపోర్టు చూసే వట్లూరు కాలేజీవాళ్ళు ఉద్యోగం పర్మనెంటు చేశారు.

తివాచీలో తప్పు పట్టాలంటే దాన్ని వెనక్కి తిప్పి చూడాలని ఖాదర్ అంటుండేవాడు. మునీరా తన రిపోర్టును వెనక్కి తిప్పింది. వెనక కనిపించింది ఇది. కాగితాల మీద పన్నెండు పన్నెండు చక్కగా ఉన్నాయి. పెట్టె గడియారం ప్రకారం ఇరవైనలుగురూ ముందు మెట్ల తెరే నొక్కారు. ఆ తర్వాతే తొమ్మిది బొమ్మలు. వాళ్ళందరికంటే ముందు, మొదటి రోజు పదీ పన్నెండుకు, ఎవరో ఒకరు ఏ అలవాటూ లేకుండా తొమ్మిది బొమ్మల తెర ముందు కూర్చున్నారు. రోగుల పడవను పిలవమంటే చేపల పడవను నొక్కారు. అక్కడితో ఆ పరీక్ష ఆగిపోయింది. దానికి కాగితం లేదు.

ఆ ప్రింటు సంచిలో పెట్టుకుని మునీరా పెదపాడు బస్సెక్కింది.

జగ్గారావు మాస్టారు అరుగు మీద కూర్చుని, సాయంత్రం ట్యూషను పిల్లలకు పరీక్ష పేపరు రాస్తున్నారు. ఏలూరు హైస్కూల్లో రిటైరై ఆరేళ్ళయినా ఆయనకు చెయ్యి ఊరుకోదు. నాలుగెకరాల వరి కౌలుకిచ్చేసి, ఊరి పిల్లలకు ఊరికే లెక్కలు చెబుతుంటారు.

"రామ్మా మునీరా! కబురైనా లేకుండా వచ్చేశావేం? నాన్నగారి కన్ను ఎలా ఉంది?"

"బాగానే ఉందండి మాస్టారూ."

లోపల్నుంచి ఆయన భార్య వెంకటనరసమ్మ తొంగిచూసింది. "ఏమ్మాయ్, ఎండనపడి వచ్చావు, మొహం అలా పీక్కుపోయిందేం? ఉండు, మజ్జిగ తెస్తాను."

మునీరా అరుగంచున కూర్చుంది. మాస్టారి ఒళ్ళో కాగితం మీద చూపు పడింది. మొదటి లెక్క: పన్నెండు అరటిపళ్ళు నలుగురికి పంచితే తలా ఎన్ని? ఏడో తరగతి పిల్లలకు అది లెక్కా? కానీ మాస్టారి పేపరు ఎప్పుడూ అంతే. మొదటి లెక్క కళ్ళు మూసుకుని చేసేలా ఉంటుంది. మునీరా చదువుకున్న రోజుల్లోనూ అంతే. లెక్కలంటే కడుపునొప్పి వచ్చే పిల్ల, ఆ మొదటి లెక్క చేసేశాక ధైర్యం తెచ్చుకుని రెండోది చేసేది. అలా రెండు, మూడు, నాలుగు చేసుకుంటూ ఇంతదాకా వచ్చింది.

ఆ అరటిపళ్ళ లెక్క చూడగానే ఆమెకు సగం అర్థమైపోయింది.

"మాస్టారూ, లంకలో ఆ నాలుగు రోజులూ చీటీలు తీయించారా అండీ?"

"ప్రతివాళ్ళ చేతా తీయించాను గదమ్మా. కాగితాల మీద రాశాను కూడాను."

"చీటీలో ఏముంటే ఆ తెరతోనే మొదలుపెట్టించారా?"

మాస్టారు పెన్ను మూత పెట్టారు. ఆయన అబద్ధం ఆడలేరు, అలాగని నిజం గబుక్కున చెప్పే ధైర్యమూ లేదు. మునీరా ప్రింటు తీసి ఆయన ఒళ్ళో, అరటిపళ్ళ లెక్క మీద పరిచింది.

"ఇవి పెట్టె రాసుకున్న టైములండి. దానికి మొహమాటం తెలీదు."

ఆయన కళ్ళజోడు సవరించుకుని చదివారు. పిల్లల పేపరు దిద్దినట్టే వేలు పెట్టి, ఒక్కో వరుసా చదివారు. వెంకటనరసమ్మ మజ్జిగ గ్లాసులు పట్టుకొచ్చి, వాళ్ళ మొహాలు చూసి గుమ్మంలోనే నిలబడిపోయింది.

"చీటీ వాళ్ళ చేత తీయించి, అందులో ఏముందో కాగితం మీద రాసుకుని, అందరికీ ముందు మెట్ల తెరే పెట్టానమ్మా" అన్నారు చివరికి. "ఎవరికీ నష్టం లేదనుకున్నాను. ఎలాగూ ప్రతివాళ్ళూ రెండూ నొక్కుతారు గదా, ఏది ముందైతేనేం అనుకున్నాను."

"ఎందుకండీ?"

"బోణీ తల్లీ." ఆయన గొంతు బాగా తగ్గిపోయింది. "ఊరంతా చుట్టూ మూగి చూస్తున్నారు. పొమ్మంటే ఎలా పోతారు, వాళ్ళ ఊళ్ళోనే కూర్చున్నాం మనం. అంతమంది ముందు మొదటిసారే తప్పితే ఆ మనిషి మళ్ళీ ఆ పెట్టె జోలికి వెళ్ళడు. బోణీ మంచిదైతే చెయ్యి తిరుగుతుంది. నలభై ఏళ్ళు నేను పిల్లలకి చేసింది అదేగదా. నీకు చేసిందీ అదే."

మునీరాకు కోపం వచ్చింది. ఏడుపు వచ్చింది. రెండూ ఒకేసారి వస్తే ఏది ముందు బయటికి వదలాలో తెలీదు ఎవరికైనా.

"నాకు చేశారు మాస్టారూ. నేను కాదనను. కానీ ఇది పిల్లల పరీక్ష కాదు గదండీ. మనం పరీక్ష పెట్టింది మనుషులకి కాదు, తెరకి. మెట్ల తెర మీద అందరూ చెయ్యి తిప్పుకుని, అక్కడ తప్పాల్సినవన్నీ తప్పి, తర్వాత తొమ్మిది బొమ్మల దగ్గరికి వచ్చారు. అక్కడ తప్పులు తగ్గిపోయాయి, టైము తగ్గిపోయింది. ఆహా, ఈ తెర ఎంత బాగుందో అని నేను రాశాను. దాని గొప్పతనం కాదండి అది. మెట్ల తెర నేర్పిన చదువు." మునీరా ఆగలేదు. "లంకలో పెట్టింది ఒక్క తొమ్మిది బొమ్మల తెరే. కూతురు అరుస్తుంటే దాని ముందుకి పరిగెత్తిందే మాణిక్యం, ఆవిడకి ఆ రోజు బోణీ ఎవరు చేయించారండీ?"

మాస్టారు తల దించుకున్నారు. ఎప్పుడూ ఎవరినీ నొప్పించని మనిషి, తన మంచితనం పోయి ఎవరి గుమ్మంలో చావై పడిందో అప్పుడు చూశారు. వెంకటనరసమ్మ గ్లాసులు కింద పెట్టేసి కొంగుతో నోరు మూసుకుంది.

ఇక్కడ మాస్టారిని తిట్టుకోవడం సుళువు. నేనూ మొదట తిట్టుకున్నాను. కానీ పరాయి ఊళ్ళో, పదిమంది చూస్తుండగా ఎదుటి మనిషి తడబడుతుంటే, చీటీలో ఉన్నదే చెయ్యాలని కూర్చునే గట్టితనం మనలో ఎందరికుంది? మునీరాకైనా ఉండేదా? ఆ ప్రశ్న తనకు తానే వేసుకుని ఆమె కాస్త మెత్తబడింది.

"నా తప్పేమీ లేదనడం లేదండి. రాకుండానే వచ్చానని సంతకం పెట్టాను. నేను అక్కడ ఉంటే మొదటి రోజే పట్టుకునేదాన్ని. మీకిచ్చిన కాగితంలో ఎలా చెయ్యాలో రాశాను గానీ, ఎందుకు అలాగే చెయ్యాలో ఒక్క ముక్క రాయలేదు. మాస్టారికి చెప్పేదేముందిలే అనుకున్నాను."

"అయిందేదో అయిపోయింది, చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం" అంది వెంకటనరసమ్మ, ఇద్దర్నీ ఓదార్చాలని.

"లాభం ఉందండి అమ్మగారూ. ఇంకా ముప్పైరెండు లంకలున్నాయి." మునీరా ప్రింటు మీద మొదటి వరుస చూపించింది. "మాస్టారూ, ఈ ఇరవై అయిదోది ఎవరు? మొదటి రోజు పదీ పన్నెండు. చీటీలో ఉన్నట్టు నిజంగా తొమ్మిది బొమ్మలతో మొదలుపెట్టిన మనిషి ఈ ఒక్కరే."

"ఎవరైతేనేంలే అమ్మా."

"ఈ ఒక్కరితో లెక్క మారదండి, నాకు తెలుసు. ఒక్కరిని చూసి ఏ తెరా మంచిదని గానీ చెడ్డదని గానీ ఎవరూ చెప్పలేరు. కానీ ఈ కాగితం నా చేతికి వచ్చుంటే, మిగతా పదకొండుమంది ఏరీ అని అడిగేదాన్ని. పరీక్ష మళ్ళీ చేయించేదాన్ని. చెప్పండి, ఎవరు?"

ఈసారి వెంకటనరసమ్మే అంది. "చెప్పండి. ఇన్నాళ్ళూ కడుపులో పెట్టుకుని ఏం బావుకున్నారు? రాత్రిళ్ళు మీరు నిద్రపోవడం లేదని నాకు తెలీదా?"

మాస్టారు లేచి లోపలికి వెళ్ళారు. బీరువా తెరిచిన చప్పుడైంది. అట్ట ఊడిన లాగరిథమ్ టేబుల్స్ పుస్తకం పట్టుకొచ్చి, మధ్యలోంచి నాలుగు మడతల కాగితం తీశారు.

"చించేస్తానని చెప్పాను. చేతులు రాలేదు. పిల్లల పేపరు ఎప్పుడూ చించలేదమ్మా నేను."

మునీరా మడతలు విప్పింది. తాను తయారుచేసిన కాగితమే. తొమ్మిది బొమ్మలు అచ్చువేసి ఉన్నాయి, ఏది నొక్కితే దాని చుట్టూ ఎర్రసిరాతో సున్నా చుట్టాలి. చేపల పడవ చుట్టూ సున్నా ఉంది. పైన మాస్టారి ముత్యాల్లాంటి దస్తూరీలో పేరు.

మాణిక్యం.

సాయిదుర్గ పోవడానికి ఎనిమిది నెలల ముందే, ఆ తెర ముందు, ఆ మనిషే, ఆ తప్పే. అప్పుడు పోయింది ఏమీ లేదు. ఆ కాగితం ఏలూరు వచ్చుంటే ఆ తల్లి ఇవాళ పిల్లకు పాలిస్తూ ఉండేదేమో.

"చీటీలో తొమ్మిది బొమ్మలు వచ్చాయమ్మా ఆవిడకి" మాస్టారు చెబుతున్నారు. "రోగుల పడవని పిలవమ్మా అన్నాను. చేపల పడవ నొక్కింది. రెండు బొమ్మలూ పక్కపక్కనే, రెండూ పడవలే. వెనకాల ఎవడో, 'మాణిక్యం రోగుల్ని కూడా ఐసులోనే పెడుతుందర్రా' అన్నాడు. అందరూ నవ్వారు. ఆవిడ లేచిపోబోయింది. నేను కూర్చోబెట్టి, ఇది లెక్కలోకి రాదులే, ఎవరికీ చెప్పకు, నేనూ చెప్పను, కాగితం చించేస్తాను అని, మెట్ల తెర పెట్టాను. టకటకా నొక్కేసింది. దాని తర్వాత తొమ్మిది బొమ్మలూ నొక్కేసింది. మొహం ఎంత వెలిగిపోయిందో! నేను చేసింది మంచి పనేననుకున్నాను. మిగతా అందరికీ అలాగే చేశాను. ఆ హుషారు చూసే తాళంచెవి కూడా ఆవిడకే ఇప్పించాను."

తర్వాత ఆ ఎనిమిది నెలలూ మాణిక్యం ఆ తెర ముట్టుకున్నది లేదు. పెట్టె వచ్చిన తొమ్మిది రోజులూ తాళం తీయడమే ఆమె పని, నొక్కింది మగవాళ్ళు.

"ఈ కాగితం నాకివ్వండి" అంది మునీరా. "రేపు మీటింగులో పెడతాను. నా సంతకం అబద్ధమని కూడా నేనే చెబుతాను. ఉద్యోగం పోతే పోతుంది."

"నా పేరు పోయినా నాకేం లేదమ్మా, ఈ వయసులో పేరేం చేసుకుంటాను? కానీ మాణిక్యానికి తెలుస్తుంది గదా." మాస్టారి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "లంకలో ఆవిడ నన్ను దేవుడిలా చూస్తుంది. కూతురు పోయిన పదకొండో రోజు వెళ్తే, మీరు నేర్పినా నేర్చుకోలేకపోయానండీ అని నా కాళ్ళ మీద పడింది. అప్పుడే చెప్పాల్సింది. నోరు పెగల్లేదు. ఇప్పుడు ఏ మొహంతో చెప్పను?"

గేటు గొళ్ళెం చప్పుడైంది.

"మాస్టారూ, ఉన్నారాండీ?"

మాణిక్యమే. భుజం మీద నెలన్నర పసిపిల్ల, చేతిలో మడతపెట్టిన కాగితం. మాస్టారు గబుక్కున చేతిలోది లాగరిథమ్ టేబుల్స్ కింద పెట్టేశారు. వెంకటనరసమ్మ ఎదురెళ్ళి కూర్చోమంటే, ఆమె అరుగు మీద కాకుండా మెట్టు మీద కూర్చుంది. ఏడ్చి ఏడ్చి ఎండిపోయిన మొహం. పిల్ల తల మీద కొంగు కప్పుతూ మాట్లాడింది.

"కూర్చోడానికి తీరుబడి లేదండి. ప్రదీపుగారు జీపులో వీధి చివర ఉన్నారు, బేగా పట్టుకురమ్మన్నారు." ప్రదీప్ అంటే సంస్థ మేనేజరు. "ఈ కాగితం మీద సాక్షి సంతకాలు రెండు కావాలంటండి. ఊళ్ళో ఎవరి చేత పెట్టించను, మీరుండగా?"

మునీరా చెయ్యి చాచి కాగితం తీసుకుని చదివింది. కిందటి నెల ఫలానా రోజున పెట్టెను సరిగా వాడక నా కుమార్తె మరణానికి నేనే కారణమైతిని, పెట్టెలో ఏ లోపమూ లేదు, ఎవరి బలవంతమూ లేకుండా రాసి ఇస్తున్నాను. కింద నీలిసిరా వేలిముద్ర.

"ఇందులో ఏముందో తెలుసాండీ మీకు?"

"చదివి వినిపించేరమ్మా. తప్పు నాదని ఉంది. నాదే గదమ్మా." మాణిక్యం గొంతులో ఏ బింకమూ లేదు. "ఇది రాసిత్తేనే మిగతా లంకలకి పెట్టెలు పంపుతారంట. లేదంటే ఎక్కడివక్కడ ఆపేస్తారంట. నా పిల్లలాగా ఇంకో పిల్ల పడవ లేక పోకూడదు గదమ్మా. అందుకని వేసేశానండి."

ముప్పైరెండు లంకల్లో పిల్లలు బతకాలని, ఆమె తన నెత్తిన ఆ నింద వేసుకుంది. ఆ నిందే పాస్‌పోర్టుగా, తన కూతుర్ని చంపిన తెర ముప్పైరెండు లంకలకు పోతుంది. అది ఆమెకు తెలీదు. తెలిసినవాళ్ళు ముగ్గురూ ఆమె ఎదురుగానే నోళ్ళు కట్టేసుకుని ఉన్నారు.

మాణిక్యం మాస్టారి వైపు తిరిగి, గొంతు తగ్గించింది. "ఎంక్వైరీలో అడిగేరండి, ఇంతకుముందు ఎప్పుడైనా ఇలా తప్పు నొక్కేవా అని. లేదనే చెప్పేనండి. ఆవేళ మీరు ఎవరికీ చెప్పొద్దన్నారు గదా. నేను ఎవరికీ చెప్పలేదండి మాస్టారూ. మా సాయిదుర్గకి కూడా చెప్పలేదు."

మాస్టారు లాగరిథమ్ టేబుల్స్ పుస్తకాన్ని చేత్తో అదిమిపట్టుకున్నారు.

"సంతకం పెట్టండి. బోణీ మీరే చెయ్యాలండి, రెండోది ఎవరైనా పెడతారు. మీ చెయ్యి మంచిది."

వెంకటనరసమ్మ ఉండబట్టలేక లోపలికి వెళ్ళిపోయింది. మాస్టారు కాగితం అందుకున్నారు. పెన్ను మూత తీశారు. మునీరా ఆపలేదు. తానే కేకవేసి చెప్పెయ్యగలదు, గొంతుదాకా వచ్చింది కూడా. కానీ ఈ మాట ఆయన నోటి నుంచి రావాలి. ఒకప్పుడు ఆయన తన కోసం ఎలా ఎదురుచూసేవారో, లెక్క తెలిసినా చెప్పకుండా, అలా ఆయన కోసం ఎదురుచూసింది.

మాస్టారు పెన్ను కింద పెట్టేశారు. లాగరిథమ్ టేబుల్స్ కింద చెయ్యి పెట్టి ఎర్రసిరా కాగితం బయటికి తీసి, మాణిక్యం ముందు పరిచారు.

మాణిక్యానికి అక్షరం ముక్క రాదు. కానీ అక్కడున్నవి బొమ్మలు. చేపల పడవ చుట్టూ ఎర్ర సున్నా చూసి ఆమె ఒక్క క్షణంలో గుర్తుపట్టింది.

"ఇది నాదే గదండీ. చించేస్తానన్నారు?"

"చించలేదమ్మా."

ఆమె ఆ కాగితం వంకే చూస్తూ పిల్లను ఈ భుజం నుంచి ఆ భుజానికి మార్చుకుంది. వీధి చివర జీపు హారన్ రెండుసార్లు మోగింది. ఆమె అటు చూడలేదు. ఆమెకు ఏదో తట్టింది. ఈ నెలన్నరలో ఎవరూ వెయ్యని ప్రశ్న, ఎంక్వైరీవాళ్ళూ వెయ్యని ప్రశ్న, ఆమె మెల్లిగా తలెత్తి మాస్టారిని అడిగింది.

"ముందుగా ఈ తొమ్మిది బొమ్మల తెర దగ్గరే కూర్చున్నోళ్ళలో, నాలాగా ఇంకెంతమంది తప్పేరండీ?"